ఆరు రెక్కలు, నాలుగు మూలలు

మంచు కురవడం నేనెన్నడూ చూడలేదు. మా సోలాపూర్‌లో డిసెంబరు తెల్లవారుజామున నల్లా నీళ్లు పట్టబోతే వేళ్లు కొంకర్లు పోతాయి, అంతే మాకు తెలిసిన చలి. మన తెలుగులో పొగమంచూ మంచే, గడ్డి మీద నీటిబొట్టూ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. అట్లాంటి నేను పోయిన కార్తీకం నుంచి క్రిస్మస్ దాకా సాయంత్రాలన్నీ మంచుపువ్వులు అల్లుతూ కూర్చున్నాను. అదీ చద్దర్ల ఊళ్లో కూర్చుని, ఒక దుప్పటి కోసం.

ఆ దుప్పటి మా నర్సత్తది. మా గల్లీలో నలభై దాటినవాళ్లలో సగం మందికి మొదటి సూది ఆమె చేతిదే. మిల్లు దవాఖానాలో నర్సుగా చేసింది. ఆయన రంగు ఖాతాలో, మా నాన్న సాంచాల మీద. మేం కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన పద్మశాలీలం, వాళ్లు నర్సాపురం దగ్గరి క్రైస్తవులు. మా మాటకూ ఆమె మాటకూ మొదట్లో పొంతన కుదరక, మా అమ్మా ఆమే మరాఠీలో మాట్లాడుకునేవాళ్లట! తర్వాత "వదినె", "వదినా" అయిపోయారు. క్రిస్మస్‌కు కేకూ కరంజీలూ మా ఇంటికి, నారళీ పున్నమికి మార్కండేయుడి రథం కదిలిన నాడు మా ఇంటి నుంచి తీపి వాళ్లింటికి.

మిల్లు మూతపడిన ఏడాది నాన్నకు రావలసిన డబ్బులు రాలేదు. ఆ రెండేళ్లు మా తమ్ముడి స్కూలు ఫీజు నర్సత్త కట్టింది. మేం తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఇప్పటికీ ఆ మాట ఎవరైనా ఎత్తితే అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంటుంది.

పోయిన శ్రావణంలో నర్సత్తకు పక్షవాతం వచ్చింది. మాట నిలిచింది, కాలు కొంచెం ఈడుస్తుంది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. పుణెలో ఉన్న కొడుకు వచ్చి, క్రిస్మస్ కాగానే తీసుకుపోతానన్నాడు. ఆమె మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. అందులో నీలం, తెలుపు లోకర్‌తో అల్లిన చదరాలు, ఒక్కోటి ఆరంగుళాలు, నలభై ఒకటి. అడ్డం ఏడు, నిలువు తొమ్మిది, మొత్తం అరవై మూడు కావాలి. ఇరవై రెండు తక్కువ.

"పోనీలే అత్తా, పుణెలో మంచి బ్లాంకెట్లు దొరుకుతాయి" అన్నాను నేను, తెలివి తక్కువగా.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్లమ్మ సంగతి చెప్పింది. నర్సాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్లకు లేసు అల్లిక నూట యాభై ఏళ్లు దాటిన పని. దొరసానులు వచ్చి, కొత్తగా క్రైస్తవంలో చేరిన పేదిళ్ల ఆడవాళ్లకు మొదట నేర్పారు. తర్వాత అన్ని కులాల ఇళ్లలోకీ పాకింది. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లింది అతనే పట్టుకుపోతాడు, ముక్కకింత. అది ఓడలెక్కి ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుంటుందో అల్లిన మనిషికి తెలియదు. మారియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఆ ఊళ్లలో తిరిగి, వాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. రోజంతా అల్లినా వాళ్లను పనివాళ్లుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగానే లెక్కగట్టారని అందులో రాసింది. మన సోలాపూర్ చద్దర్‌కు 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు నర్సాపురం లేసుకు 2024లో వచ్చింది.

"మా అమ్మ నాకు ఊహ తెలిసిన కాడినుంచీ అల్లుతూనే ఉండేదమ్మా" అంది నర్సత్త. "మా ఇంట్లో మాత్రం ఒక్క ముక్క ఉండేది కాదు. దిండు మీదికైనా లేదు. పోయినప్పుడు పెట్టెలో వేద్దామంటే కూడా లేదు. అందుకే, ఇది ఇంట్లోది."

ఆ రాత్రి గల్లీలో తొమ్మిది మందిమి పోగయ్యాం. నేను యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కాలర్లు వేస్తాను, కాబట్టి సూదీ దారం నాకు కొత్త కాదనుకున్నాను. కొక్కెం సూది పట్టుకున్నాక తెలిసింది.

మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ అల్లిక వింతగానే ఉంటుంది. మా ఎదురింటి జాబర్ మామ, ముప్పై ఏళ్లు సాంచాలు సరిచేసినవాడు, కళ్లజోడు పెట్టుకుని నా చేతిలోది తిప్పి తిప్పి చూశాడు. "పడుగు లేదు, పేక లేదు, మరి గుడ్డ ఎట్ల నిలవడ్డది?" ఒకటే పోగు మామా, ఒక ముడిలోంచి ఇంకో ముడి లాగుతాం, కొస విప్పి లాగితే మొత్తం ఊడొస్తుంది అంటే, నిజంగానే లాగి చూశాడు. నా గంట కష్టం అతని ఒళ్లో కుప్ప అయింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, క్రోషా అల్లికను అచ్చంగా చేత్తో అల్లినట్టు అల్లే సాంచ ఇంతవరకూ రాలేదని చెబితే, చాలాసేపు ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. అతని బతుకంతా, పోయిన వారం కన్నా ఈ వారం మనుషులు తక్కువ కావలసిన సాంచాల మధ్యనే గడిచింది.

సరే, అల్లే పద్ధతి చెబుతాను, మన ఇళ్లలో చేసుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ మనం మరాఠీ మాటలే వాడతాం: చైన్ అంటే సాఖళి, పొట్టి కుట్టు ముకా ఖాంబ్, పొడుగుది ఖాంబ్. ఇంగ్లిషు పుస్తకం చూసి చేసేవాళ్లు ఒకటి గమనించాలి, అమెరికావాళ్లు డబుల్ అనేదాన్నే బ్రిటన్‌వాళ్లు ట్రెబుల్ అంటారు. అది తెలియక నా మొదటి చదరం తాంబాలంత అయింది.

తెల్ల లోకర్‌తో అయిదు సాఖళ్లు వేసి గుండ్రంగా కలపాలి. ఆ ఉంగరంలో పన్నెండు ఖాంబులు. రెండో చుట్టులో, ఒక ఖాంబ్ నెత్తిన రెండు ఖాంబులు, మూడు సాఖళ్లు, మళ్లీ అక్కడే రెండు ఖాంబులు. దాని పక్క ఖాంబ్ మీద ఒకే ఒక ముకా ఖాంబ్. ఇట్లా ఆరుసార్లు తిరిగితే ఆరు రెక్కల పువ్వు వస్తుంది. అక్కడ తెలుపు తెంపి నీలం అందుకోవాలి. రెక్క కొసన ఒక ముకా ఖాంబ్, మూడు సాఖళ్లు. రెండు రెక్కల సందున, లోయలోకి దిగి, సూదికి రెండుసార్లు దారం చుట్టి ఒక పొడుగు ఖాంబ్, మళ్లీ మూడు సాఖళ్లు. చుట్టూ తిరిగొస్తే పన్నెండు కిటికీలు.

అసలు చిక్కు ఇక్కడే. పువ్వుకు రెక్కలు ఆరు, చదరానికి మూలలు నాలుగు. ఆరుని నాలుగుతో భాగిస్తే తెగదు. పన్నెండు తెగుతుంది. మూడేసి కిటికీలకు ఒక మూల: మూల కిటికీలో మూడు ఖాంబులు, రెండు సాఖళ్లు, మూడు ఖాంబులు. తర్వాతి రెండు కిటికీల్లో మూడేసి ఖాంబులే. గుండ్రం మెల్లగా చదరమవుతుంది. ఇంకో రెండు చుట్లు నీలం వేస్తే ఆరంగుళాలు వస్తుంది. చూస్తే పువ్వు చదరంలో కొంచెం పక్కకు వాలినట్టుంటుంది, అన్ని మూలలకూ ఒకేలా ఎదురు రాదు. అది మీ తప్పు కాదు. మధ్యలో గిన్నెలాగా లోతుపడితే మాత్రం చెయ్యి బిగువైందని అర్థం. అంచు గాగ్రా కుచ్చిళ్లలా లేస్తే వదులైంది.

నాకు రెండూ అయ్యాయి. మూడోసారి విసుగొచ్చి ఎనిమిది రెక్కలు వేశాను. నాలుగు మూలలకు రెండేసి చొప్పున చక్కగా కూర్చుంది, బజార్లో అమ్మే క్రిస్మస్ నక్షత్రాలూ కొన్ని అట్లాగే ఉంటాయి. తొమ్మిది చదివే మా చిన్నది చూసి నవ్వింది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరు మూలల గూళ్లుగానే పేర్చుకుంటాయట, అందుకే ఎక్కడ కురిసినా మంచుపువ్వుకు ఆరే. ఎందుకు ఆరు అని కెప్లర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1611లోనే చిన్న పుస్తకం రాశాడట. అమెరికాలో బెంట్లీ అనే రైతు 1885లో మొదటిసారి సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి మంచుపువ్వు ఫొటో తీసి, జీవితమంతా అయిదు వేలకు పైగా తీశాడట. స్కూలు ప్రాజెక్టు అంతా నా మీద కుమ్మరించింది. నర్సత్త మంచం మీంచి, "ఆరే వెయ్యమ్మా" అంది. విప్పేశాను.

ఇదంతా అమ్మ గడప మీద కూర్చుని చూస్తూ ఉంది. డెబ్బై నాలుగేళ్లు. వయసులో ఉన్నప్పుడు రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేతులు. ఇప్పుడు బొటనవేలు సరిగ్గా మడవదు. వేలి కొసలు అరిగి ఆధార్ మిషను మీద ముద్ర పడక, రేషను దుకాణంలో ప్రతిసారీ గొడవ. రమ్మంటే, "ముక్కకెంత ఇస్తరే?" అన్నది. ఎకసెక్కమో నిజమో తెలియలేదు. నాకు సిగ్గేసింది. నర్సత్త మాత్రం పడీపడీ నవ్వి, "మా అమ్మా ఇదే అడిగేది వదినా" అంది.

అమ్మ ఆ పూట రాలేదు. చేయకపోగా మా చదరాల మీద పెత్తనం మొదలుపెట్టింది. బీడీ బ్రాంచిలో చెకర్ కట్టలు విప్పి చూసినట్టు ఒక్కోటి వెలుగులో పట్టి చూడటం, "ఇది పోదు, ఇది పోదు" అని పక్కన పడేయడం. బ్రాంచిలో ఆమె బీడీలను అట్లా పారేసినప్పుడు ఎన్నిసార్లు ఏడ్చిందో నాకు తెలుసు, అందుకని ఏమీ అనలేదు. పక్కింటి వదిన మాత్రం రెండు రోజులు అలిగింది.

డిసెంబరు ఇరవై దాటేసరికి ఇరవై ఒకటి అయ్యాయి. ఇరవై రెండోది నా వంతు. వర్క్‌షాపులో ఓవర్‌టైం పడి రాత్రి పదకొండుకు ఇల్లు చేరాను. దీపం కింద అమ్మ కూర్చుని ఉంది. కొక్కెం సూదిని వేళ్లతో పట్టలేక, పిడికిట్లో ఇరికించి, నీలం దారం లాగుతోంది. ఎప్పుడు చూసి నేర్చుకుందో! నేను లెక్కపెట్టాను. రెక్కలు ఎనిమిది.

"అమ్మా, ఆరు ఉండాలె."

"నాలుగు మూలలకు ఎనిమిది పెడితే లెక్క సరిపోతది గద. ఆరు ఎవరు పెట్టమన్నరు?"

పొద్దున తీసుకెళ్లి చూపిస్తే నర్సత్త అంది, "ఆరు దేవుడు పెట్టాడు వదినా."

"అయితే ఆయన ఎన్నడు చద్దరు నెయ్యలే" అన్నది అమ్మ.

మా చిన్నది విప్పి మళ్లీ వేద్దామంది. నర్సత్త ఎడం చేత్తో ఆ చదరాన్ని ఒళ్లోకి లాక్కుని ఇవ్వలేదు. ఇరవై నాలుగు సాయంత్రం గుమ్మానికి కాగితపు నక్షత్రం వెలిగించి, చర్చికి వెళ్లేవాళ్లు వెళ్లొచ్చేలోపు మేమంతా నేల మీద కూర్చుని అరవై మూడింటినీ తెల్ల లోకర్‌తో, ముకా ఖాంబ్ వేసుకుంటూ కలిపాం. అమ్మది మధ్యన పెట్టించింది నర్సత్త, మోకాళ్ల మీదకు వచ్చేచోట. కప్పుకుని, పన్నెండు గంటలకు చర్చి గంట మోగేదాకా కూర్చుంది. అమ్మ పక్కనే ఉంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను కేకు కోసే పనిలో ఉన్నాను. ఫీజు సంగతి మాత్రం వచ్చే ఉంటుంది, ఎందుకంటే ఇంటికొచ్చాక అమ్మ, "లెక్క తెగలే గని, వద్దన్నది" అన్నది.

జనవరి రెండున వాళ్లు పుణె వెళ్లిపోయారు. ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశారు. మిగిలిన లోకర్ ఉండలు ఒక సంచి నిండా మా ఇంట్లోనే ఉన్నాయి.

పోయిన ఆదివారం ఫోను వచ్చింది. నర్సత్త గొంతు బాగానే ఉంది. దుప్పటి ఉతికితే అమ్మ చదరంలో ఒక కొస బయటికొచ్చి, రెక్క ఒకటి ఊడుతోందట. రంగు మార్చినచోట కొసను నాలుగంగుళాలు లోపలికి దూర్చాలని అమ్మకు ఎవరూ చెప్పలేదు. కోడలు సూదితో టాకా వేస్తానంటే అత్త వద్దందట.

అమ్మకు చెప్పాను. కాసేపు బొటనవేలు నలుపుకుంటూ కూర్చుంది.

"పొద్దుగాల్ల పుణెకు పొయ్యే హుతాత్మా బండి ఎన్ని గొట్టంగనే?" అన్నది.