ఖైరున్నిసా నికాహ్‌కు సాక్ష్యం ఎవరు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఆడపిల్లలు పైచదువులకు హైదరాబాదు వెళ్లినప్పుడు వారిలో కొందరు చేరే విద్యాలయాల్లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయం ఒకటి. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మది జనగామ జిల్లా పాలకుర్తి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తాను సాగుచేసుకున్న భూమిని, చేతికొచ్చిన పంటను కాపాడుకున్న తల్లి ఆమె. అదే దేశ్‌ముఖ్ ఏలుబడిలో కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ కోర్టుల చుట్టూ తిరిగి తన భూమి వ్యాజ్యం గెలిచి, ఆ గెలుపుకు ప్రాణాన్నే మూల్యంగా చెల్లించాడు. చేతిలోని హక్కు పత్రానికి ఎంత విలువ ఉంటుందో మన ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఐలమ్మ పేరు పెట్టుకున్న ఆ విద్యాలయపు పాత భవనం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. దానిని కట్టించినవాడు ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆ ఆవరణలోని రంగ్‌మహల్ జనానాలో అతని భార్యగా ఒక సయ్యద్ వంశపు యువతి నివసించింది. ఆమె ఖైరున్నిసా బేగం. వీరి కథను ఆంగ్ల గ్రంథకర్తలు గొప్ప ప్రేమగాథగా రాశారు, సందర్శకులకు చూపరులు అలాగే వర్ణిస్తారు. మేము మాత్రం ఆ కథను నికాహ్ వైపు నుంచి, ముఖ్యంగా ఒక తల్లి వైపు నుంచి చదవదలచాము.

కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. 1779లో, ఇంకా మీసాలైనా రాని వయసులో, కంపెనీ మద్రాసు సైన్యంలో చేరాడు. మైసూరు యుద్ధాలు చూశాడు. అన్న విలియం హైదరాబాదులో రెసిడెంటుగా ఉండగా అక్కడికి వచ్చి, 1797 నుంచి అన్న స్థానంలో పనిచేసి, మరుసటి ఏడు తానే రెసిడెంటు అయ్యాడు. హైదరాబాదీ దుస్తులు ధరించేవాడు, హుక్కా తాగేవాడు, చేతులకు గోరింట పెట్టుకునేవాడు. నిజాం అలీఖాన్ అతనికి హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. యుద్ధంలో ఘనుడు అని దాని అర్థం.

బిరుదు వెనుక ఉన్న యుద్ధాన్ని కూడా చూడాలి. 1798 సెప్టెంబరు 1న కుదిరిన సైన్య సహకార ఒప్పందంతో కంపెనీ పటాలాలు హైదరాబాదులో తిష్ఠవేశాయి. అక్టోబరు 22న నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాధిపతుల దళాన్ని, సుమారు పద్నాలుగు వేల మందిని, నిరాయుధుల్ని చేశారు. ఆ పని నడిపించిన వారిలో కిర్క్‌పాట్రిక్ ముఖ్యుడు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట ముంగిట టిపు సుల్తాన్ అమరుడయ్యాడు. ఆ యుద్ధంలో కంపెనీ పక్షాన నిజాం సైన్యం కూడా ఉందన్నది చెప్పుకోవడానికి కష్టంగా ఉండే నిజం. 1800 అక్టోబరులో మరో ఒప్పందం జరిగి, నేటి రాయలసీమ దత్తమండలాలుగా కంపెనీ వశమైంది. దానికి కూడా కంపెనీ తరఫున మాట్లాడినవాడు ఇతడే. కోఠీలోని ఒక్క మనిషి మాటతో జిల్లాలకు జిల్లాలు చేతులు మారుతున్న కాలమది.

ఖైరున్నిసా తాత బాఖర్ అలీఖాన్ ఆ కంపెనీ పటాలాలకు బఖ్షీ, అంటే జీతాల పంపిణీ అధికారి. ఇరాన్‌లోని షుస్తర్ నుంచి వచ్చిన సయ్యద్ కుటుంబం వారిది. నిజాం కొలువులో ఉన్నతుడైన మీర్ ఆలం వారికి దగ్గరి బంధువు. తండ్రి లేని ఖైరున్నిసాను తల్లి షరఫున్నిసా, తాత ఇంటనే పెంచింది. 1798 చివర అక్క పెళ్లికి రెసిడెంటు అతిథిగా వచ్చినప్పుడు, తెర వెనుక నుంచి ఖైరున్నిసా అతన్ని చూసిందంటారు. అప్పటికే ఆమెకు వేరొక ప్రముఖుని ఇంటి సంబంధం నిశ్చయమైంది. ఆమె దానిని అంగీకరించలేదు. తనను ఆమెయే కోరుకుందని, ఇంటి స్త్రీలు ఆమెకు అండగా నిలిచారని కిర్క్‌పాట్రిక్ తన అన్నకు రాసిన ఉత్తరాల్లో వివరించాడు. అధికారం అడ్డుపెట్టుకుని ఆ కుటుంబంపై ఒత్తిడి తెచ్చాడని అతని శత్రువులు ఆరోపించారు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణలు జరిపించాడు. ఉద్యోగం ఊడే దాకా వచ్చి నిలిచింది.

ఆనాటి సాక్ష్యాలన్నీ ఒక్క మాట మీద లేవు. కానీ కొన్ని విషయాలకు సాక్ష్యం అక్కరలేదు. అతనికి ముప్పై అయిదేళ్లు. ఆమె 1786లో పుట్టింది కనుక పద్నాలుగేళ్ల ప్రాయం. ఆమె తాత జీతం కంపెనీ పటాలాలతో ముడిపడి ఉంది, పాలకుడే కంపెనీ తుపాకుల నీడలో ఉన్నాడు. అలాంటి చోట ఒక ఇల్లు వద్దని చెప్పగలదా? ఆమె మనసులో అనురాగం లేదని మేము అనడం లేదు. ఆ వయసు పిల్ల ఇష్టాన్ని, రాజ్యం నడిపే మనిషి ఇష్టాన్ని ఒకే తూకంలో వేసి దానికి ప్రేమ అని పేరు పెట్టడం మాత్రం మాకు సమ్మతం కాదు. స్త్రీలను బలవంతంగా సొంతం చేసుకోవడాన్ని దివ్య ఖుర్‌ఆన్ నిషేధించింది. బలవంతమంటే చేయి పట్టి లాగడమే కాదు, కాదనడానికి దారి లేకపోవడం కూడా.

చివరకు కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించాడు, నికాహ్ జరిగింది. ఇంతవరకు మన పెద్దలు తప్పుపట్టేది లేదు. అయితే ఆ నికాహ్ రహస్యంగా జరిగింది. కంపెనీకి తెలియకూడదు, నగరంలో పొక్కకూడదు. నికాహ్‌ను పదిమందికీ ప్రకటించమని దైవప్రవక్త (స) బోధించారు. వలీమా విందు ఉన్నది ఇరుగుపొరుగుల కడుపు నింపడానికే కాదు, ఈ ఇద్దరూ భార్యాభర్తలని ఊరంతటికీ తెలియడానికి కూడా. ఆ తెలియడమే రేపు ఆ స్త్రీకి రక్ష. ఖైరున్నిసాకు ఆ రక్ష లేకుండా పోయింది.

1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. గులాం అలీ సాహెబ్ ఆలం, నూరున్నిసా సాహెబ్ బేగం అని పేర్లు పెట్టుకున్నారు. నాలుగైదేళ్లపాటు రంగ్‌మహల్‌లో ఒక కుటుంబం ఉండింది. 1803 నుంచి పెద్ద భవనం కూడా లేవసాగింది. తర్వాత, కంపెనీ ఉద్యోగుల ఆనవాయితీ ప్రకారం, పిల్లల్ని ఇంగ్లండుకు పంపాలని తండ్రి నిశ్చయించాడు. 1805లో మద్రాసు రేవు నుంచి వారు ఓడ ఎక్కారు. అబ్బాయికి నాలుగేళ్లు, అమ్మాయికి మూడు. ఓడ ఎక్కకముందు జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు హైదరాబాదీ దుస్తుల్లో ఉన్న ఆ పిల్లలిద్దరినీ నిలువెత్తు చిత్రంగా గీశాడు. వారిని సాగనంపిన కొద్ది వారాలకే, అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో జబ్బుతో మరణించాడు. భార్య దగ్గర లేదు.

ఇక వీలునామా. అందులో అతడు ఖైరున్నిసాను ఎంతో గౌరవంగా ప్రస్తావించాడు. కానీ భార్య అనలేదు. తన ఇద్దరు సహజ సంతానానికి తల్లి అన్నాడు. ఆంగ్ల న్యాయభాషలో సహజ సంతానమంటే వివాహం లేకుండా పుట్టినవారు. ఇంగ్లండు కోర్టుల్లో ఈ నికాహ్ చెల్లదని, పిల్లలకు రావలసిన సొమ్ముకు ఎవరూ అడ్డుపడకూడదని అలా రాసి ఉండవచ్చు. కారణం ఏదైనా, అల్లాహ్ పేరిట కట్టిన బంధాన్ని అతని కలమే కొట్టివేసింది. అతని ప్రేమను శంకించనివారు కూడా ఈ వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి.

యుద్ధం విడదీసిన మరొక జంట మన చరిత్రలోనే ఉంది. దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) భర్త అబుల్ ఆస్ బద్ర్ యుద్ధంలో శత్రుపక్షాన నిలిచి బందీ అయ్యాడు. అతని విడుదలకు ఆమె మక్కా నుంచి తన హారాన్ని పంపింది. పెళ్లినాడు తల్లి హజ్రత్ ఖదీజా (రజి) ఇచ్చిన హారమది. దానిని చూసి దైవప్రవక్త (స) మనసు ద్రవించింది. సహచరుల సమ్మతితో అతన్ని విడిచిపెట్టి, హారాన్నీ తిరిగి ఇచ్చారు. జైనబ్‌ను మదీనాకు పంపుతానని అబుల్ ఆస్ మాట ఇచ్చాడు, ఆమెపై ఎంత మమకారం ఉన్నా ఆ మాట చెల్లించాడు. ఏళ్ల తర్వాత తన బిడారం సరుకు ముస్లింల చేతికి చిక్కితే, రాత్రివేళ మదీనా చేరి ఆమె శరణు కోరాడు. ఆమె అందరి ఎదుటా శరణు ప్రకటించింది. సరుకు తిరిగి దక్కాక మక్కా వెళ్లి ఎవరి సొమ్ము వారికి అప్పగించి, ఆ తర్వాతే ఇస్లాం స్వీకరించి ఆమెను చేరుకున్నాడు. మాట చెప్పాడు, నిలబెట్టుకున్నాడు అని దైవప్రవక్త (స) అతన్ని మెచ్చుకున్నారు. అవిశ్వాసిగా ఉన్ననాడు కూడా అతడు భార్య స్థానాన్ని ఎవరి దగ్గరా దాచలేదన్నది గమనించవలసిన విషయం.

ఖైరున్నిసా 1806లో భర్త సమాధిని చూడడానికి తల్లితో కలిసి కలకత్తా వెళ్లింది. అప్పటికి ఇరవై ఏళ్లు. అక్కడ కిర్క్‌పాట్రిక్ సహాయకుడైన హెన్రీ రస్సెల్ అండగా నిలిచినట్లు నిలిచి, ఆశ కల్పించి, తర్వాత మద్రాసులో మరొక స్త్రీని పెళ్లాడాడు. ఇటు హైదరాబాదు తలుపులు కూడా మూతపడ్డాయి. దివానుగా ఉన్న మీర్ ఆలం ఆమెను నగరంలోకి రానివ్వలేదు. మచిలీపట్నంలో, సముద్రం ఒడ్డున, ప్రవాసం గడిపింది. వంశగౌరవం పేరుతో ఆమెను వెలివేసిన ఆ బంధువులే రెసిడెంటు చేతి చలువతో పదవులు పెంచుకున్నవారు! 1808 చివర మీర్ ఆలం మరణించాకే ఆమెకు సొంత ఊరు దక్కింది. 1813 సెప్టెంబరు 22న కన్నుమూసింది. ఇరవై ఏడేళ్లు. పిల్లల్ని మళ్లీ చూడలేదు.

ఆ పిల్లలు ఇంగ్లండు చేరగానే వారికి క్రైస్తవ దీక్ష ఇప్పించి విలియం జార్జ్, కేథరీన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లి వైపు వారితో ఉత్తరాలు సాగనివ్వలేదు. విలియం 1828లో మరణించాడు. కేథరీన్‌ను అందరూ కిట్టీ అనేవారు. ఒక సైనికాధికారిని పెళ్లాడి పిల్లల తల్లి అయింది. ఒకనాడు హెన్రీ రస్సెల్ ఇంట్లో గోడపై వేలాడుతున్న చిన్నరీ చిత్రం ఆమె కంటపడింది. తనను, అన్నను చూసుకుని బిగ్గరగా ఏడ్చింది. కొడుకు బిడ్డల గుర్తుగా ఖైరున్నిసా దగ్గర ఉండవలసిన చిత్రమది. ఇన్నేళ్లూ రస్సెల్ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత 1841 ప్రాంతంలో హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నిసాకు కిట్టీ ఉత్తరం రాసింది. విడిపోయిన రోజు తల్లి ఎక్కడ కూర్చుందో, ఎలా గుండెలవిసేలా ఏడ్చిందో, జుట్టు ఎలా పీక్కుందో తనకు ఇంకా గుర్తుందని అందులో చెప్పింది. మూడేళ్ల పసిదాని జ్ఞాపకం అది! ముప్పై ఆరేళ్లు గుండెలో దాచుకుంది.

కిట్టీకి మరొక ప్రశ్న కూడా ఉండింది. నా తల్లిదండ్రులకు పెళ్లి జరిగిందా? వీలునామా లేదంటోంది. నికాహ్‌నామా ఎవరి చేతిలోనూ లేదు. రహస్యంగా పిలిచిన సాక్షులు కాలం చేశారు. చివరకు రెసిడెన్సీ అధికారి ముందు ముసలి అమ్మమ్మ వాంగ్మూలం ఇవ్వవలసి వచ్చింది. అవును, అతడు ఇస్లాం స్వీకరించాడు, మన ధర్మం ప్రకారం నికాహ్ జరిగింది అని తన ముద్ర వేసి చెప్పింది. నలభై ఏళ్ల తర్వాత, బిడ్డ చనిపోయాక, బిడ్డ శీలానికి తల్లి సాక్ష్యం చెప్పుకోవడం!

ఇది కోఠీ గోడలకే పరిమితమైన సంగతి కాదు. వియత్నాం యుద్ధం ముగిశాక అమెరికా సైనికుల బిడ్డలు తండ్రి పేరు చెప్పలేక వీధుల్లో మిగిలారు. 1987లో ఆ దేశం వారికోసం ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. సైనికుడికి బదిలీ ఉత్తర్వు వస్తుంది. స్థానిక స్త్రీకి అలాంటిదేమీ రాదు.

మన ఇళ్లకు వద్దాం. మన రాష్ట్రంలో వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. ఖాజీ దఫ్తరులో నికాహ్ నమోదు అంతకంటే పాతది. అయినా పెళ్లిపందిరికి, విందుకు, వీడియోకు పట్టే శ్రద్ధలో పదోవంతు కాగితానికి పట్టదు. మహర్ ఎంతో వధువుకే తెలియని ఇళ్లు ఉన్నాయి. నికాహ్‌నామా ప్రతి పెళ్లికొడుకు బీరువాలో ఉంటుంది, పెళ్లికూతురి చేతిలో ఉండదు. వరుడు దూరదేశంలో ఉద్యోగం చేసేవాడైతే, సెలవు తీరుతోందన్న తొందరలో పిల్ల అంగీకారం అడగడం కూడా లాంఛనమైపోతుంది. ఒక అభ్యర్థన: ఈ వ్యాసం చదివిన తల్లులు తమ కూతుళ్ల నికాహ్‌నామా ప్రతి ఎక్కడుందో ఈ వారమే ఒకసారి వెతకండి. దొరకకపోతే ఖాజీని, నమోదు కార్యాలయాన్ని అడగండి. సాక్షులు బతికి ఉండగానే అడగండి.

రంగ్‌మహల్‌ను 1860లో ఒక రెసిడెంటు కూల్చివేయించాడు. అలాంటి జనానా ఆ ఆవరణలో ఉండడమే అతనికి నచ్చలేదు. చిన్నరీ చిత్రం ఇప్పుడు హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సొత్తు. అమ్మమ్మ, మనవరాలు మాత్రం ఒకరినొకరు ఎన్నడూ చూడకుండానే ఆరేళ్లపాటు ఉత్తరాలు రాసుకున్నారు. పారసీలో ఇటు నుంచి, ఇంగ్లీషులో అటు నుంచి, మధ్యలో అనువాదకులు. ఒక ఉత్తరంతో పాటు షరఫున్నిసా తాను దాచుకున్న ఖైరున్నిసా జుట్టు పాయను కూడా పంపింది. 1847లో ఆమె మరణించడంతో హైదరాబాదు నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి.