బాత్‌రూమే బార్బర్ షాప్!

ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లిన తెలుగు కుర్రాళ్ల గదిలో కుక్కరూ పచ్చడి జాడీలతో పాటు జుత్తు కత్తిరించే మిషన్ కూడా కనిపిస్తుంది. అక్కడ చాలా ఊళ్లలో మామూలు కటింగ్‌కే 20 డాలర్లు దాటుతుంది, టిప్పు అదనం. వైరు తగిలించుకుని వాడే మిషన్, దాని పళ్లకు తొడిగే దువ్వెనల్లాంటి గార్డులతో సహా దాదాపు రెండు కటింగుల డబ్బుకే వచ్చేస్తుంది. అందుకే గదిలోవాళ్లంతా కలిసి ఒకటి కొనేస్తారు. బాత్‌రూమ్‌లో కుర్చీ వేసి, మెడకు పాత తువ్వాలు చుట్టి, ఒకరికొకరు చేసుకుంటారు. అలా చేయి తిరిగినవాళ్లు ఉద్యోగాలొచ్చి, పెళ్లిళ్లయ్యాక కూడా కొడుకు తలకు తామే కటింగ్ చేస్తుంటారు.

ఆ మిషన్లలో బాగా పేరున్నది ‘వాల్’. దాని పుట్టిల్లు ఇల్లినాయ్ రాష్ట్రంలో, షికాగోకు పశ్చిమాన రాక్ నది ఒడ్డున ఉన్న స్టెర్లింగ్ అనే చిన్న ఊరు. అప్పటికే కరెంటు క్లిప్పర్లు ఉన్నా మోటారు ఒకచోట, కత్తెర పళ్లు మరోచోట ఉండేవి. లియో వాల్ అనే యువకుడు మోటారును మంగలి పిడికిట్లో ఇమిడిపోయేలా చేసి, 1919లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అదే ఊళ్లో వేలమందికి అన్నం పెట్టిన నార్త్‌వెస్టర్న్ స్టీల్ అండ్ వైర్ కర్మాగారం 2001లో మూతపడింది. క్లిప్పర్ల కంపెనీ మాత్రం ఊరు వదల్లేదు.

చవక వస్తువును సొంత గడ్డ మీద చేసి నిలబడటం ఎలా సాధ్యమైంది? నా మట్టుకు జవాబు ఆ మిషన్ డొక్కలోనే ఉంది. విప్పి చూస్తే గిర్రున తిరిగే మోటారుండదు, గేర్లుండవు. ఒక రాగి తీగ చుట్ట, ఒక ఇనుప చేయి, దాన్ని వెనక్కి లాగే స్ప్రింగు... అంతే! అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ మారుతుంది. మారిన ప్రతిసారీ తీగ చుట్ట ఆ చేతిని రెండుసార్లు లాగుతుంది. అంటే నిమిషానికి 7,200 సార్లు. ఆ చేతికి బిగించిన పళ్లే జుత్తును కోస్తాయి. ఇంత తక్కువ భాగాలుంటే చెడిపోయేదీ తక్కువే. బ్యాటరీ లేదు కాబట్టి అది చచ్చిపోయిందని మిషన్‌ను పారేయాల్సిన పనీ లేదు. కొత్తగా కొనేవాళ్లకు వైరుదే తీసుకోమని గట్టిగా చెబుతాను.

అయితే కంపెనీ పేరు చూసి, మిషనంతా అమెరికాలోనే తయారైందనుకోవద్దు. పెద్ద కంపెనీల రీఛార్జ్ రకాలు చాలావరకు చైనా నుంచి వచ్చేవే. డబ్బా తిప్పి చూడండి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం, దాదాపు మొత్తం అక్కడే తయారైతే తప్ప ‘మేడిన్ యూఎస్‌ఏ’ అని నేరుగా వేయకూడదు. విడిభాగాలు బయటివైతే ఆ సంగతీ చెప్పాలి.

ఇక కటింగ్. తల పొడిగా ఉండాలి. ఒకటో నంబరు గార్డు 3 మిల్లీమీటర్లు వదులుతుంది, రెండోది 6, నాలుగోది దాదాపు 13. మొదటిసారి నాలుగుతోనే మొదలుపెట్టండి. పొడవుంటే మళ్లీ తీయొచ్చు, పోయింది అతికించలేం. మిషన్ ఎప్పుడూ వెంట్రుక వాలిన దిక్కుకు ఎదురు నడవాలి. చిక్కంతా సుడి దగ్గరే. అక్కడ జుత్తు అన్ని వైపులకూ తిరుగుతుంది కాబట్టి నాలుగు దిక్కుల నుంచీ లాగాలి. లేదంటే ఒక కుచ్చు నిలబడిపోతుంది. మెడ నుంచి పైకి పొగమంచులా కలిసిపోయే ఫేడ్ కావాలంటే మాత్రం బార్బర్ దగ్గరికే వెళ్లండి. ఏళ్ల సాధనతో వచ్చే ఆ చేతిపనికి ఇచ్చే డబ్బు ఎప్పుడూ దండగ కాదు.

పని అయ్యాక పళ్ల మధ్య ఇరుక్కున్న జుత్తు బ్రష్‌తో దులిపి, మిషన్ నడుస్తుండగానే రెండు మూడు చుక్కల క్లిప్పర్ నూనె వేయాలి. చాలామంది ఇదే ఎగ్గొడతారు. పళ్లు వేడెక్కి జుత్తును కోయకుండా పీకుతున్నాయంటే నూనె అడుగుతున్నాయన్నమాట. టకటకమని చప్పుడొస్తే భయపడక్కర్లేదు. పక్కనున్న స్క్రూను ఆ చప్పుడు ఆగేవరకు మెల్లగా తిప్పితే చాలు.

అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ మిషన్‌ను సూట్‌కేసులో వేసుకోవద్దు. అది 120 వోల్టులకు చేసింది, మన ఇళ్లలో వచ్చేది 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు, ప్లగ్గులో పెట్టగానే తీగ చుట్ట మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మన కరెంటు సెకనుకు 50 సార్లే మారుతుంది కాబట్టి, 60కి సరిపడా బిగించిన స్ప్రింగుకు ఆ ఊపు కుదరక మిషన్ నీరసంగా మూలుగుతుంది. శుభ్రం చేసి అక్కడి జూనియర్లకు ఇచ్చేయండి, ఇక్కడికొచ్చాక 230 వోల్టులది కొనుక్కోండి.