ఒక్క ఫోల్డరు దగ్గరే కంప్యూటర్ ఎందుకు బిగుసుకుపోతుంది?

కంప్యూటర్ చక్కగా పనిచేస్తూ ఉంటుంది. కాని ఒక ఫోల్డరు తెరవగానే విండో పాలిపోతుంది, మౌస్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ప్రతిసారీ అదే ఫోల్డరు! వైరస్ పట్టిందనుకుని కొందరు డిస్కు మొత్తం తుడిపించేస్తారు. దాంతో ఇంట్లోవాళ్ల ఫోటోలూ, ప్రాజెక్టు రిపోర్టులూ పోతాయి. తొందరపడకండి. ముందు కారణం తెలుసుకుందాం.

పేర్లు చదివితే చాలదా?

ఫోల్డర్లు తెరిచి చూపే ప్రోగ్రామే ఫైల్ మేనేజర్. 1995లో వచ్చిన విండోస్ 95లోని ఎక్స్‌ప్లోరర్ ఇలాంటిదే. ఫైళ్ల పేర్లు, తేదీలు చూపడానికి డిస్కులోని పట్టిక చదివితే సరిపోతుంది. కాని ఫోటోకో వీడియోకో థంబ్‌నెయిల్ అనే చిట్టిబొమ్మ చూపాలంటే ఆ ఫైలునే తెరిచి లోపల చదవాలి. అంటే మీరు ముట్టుకోకముందే ఫైల్ మేనేజర్ ఫైళ్లను తెరుస్తోందన్నమాట!

ఉదాహరణకు, మామూలు ఏవీఐ వీడియోలో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక ఫైలు చివర ఉంటుంది. ఫైలు సగమే కాపీ అయితే ఆ సూచిక ఉండదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఇలాంటి వీడియోల దగ్గర ఎక్స్‌ప్లోరర్ తరచు చిక్కుకుపోయేది.

సింగిల్ లైనుపై గూడ్సు బండి

ఒక ఫైలు మొరాయిస్తే విండో మొత్తం ఎందుకు ఆగాలి? రైల్వే పట్టణమైన బిలాస్‌పూర్‌లోని నెహ్రూ నగర్ పాఠకులకైనా, మన కాజీపేట పాఠకులకైనా ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. సింగిల్ లైనుపై గూడ్సు బండి నిలిచిపోతే వెనక బళ్లన్నీ ఆగాల్సిందే. దాన్ని లూప్ లైనులోకి మళ్లిస్తే మిగతావి సాగిపోతాయి.

ప్రోగ్రాములో ఇలాంటి పని వరుసను థ్రెడ్ అంటారు. విండోను గీయడం, మౌస్‌కు బదులివ్వడం ఒక థ్రెడ్ పని. ఫైలు చదవడం కూడా దానిమీదే పెడితే దారి మూసుకుపోతుంది. సుమారు 5 సెకన్లపాటు బదులు రాకపోతే ఆ ప్రోగ్రాము స్పందించడం లేదని విండోస్ తేల్చేస్తుంది.

డిస్కులో చెడిపోయిన చోటును మళ్లీ మళ్లీ చదవబోయినా, ఆపివేసి ఉన్న వేరే కంప్యూటర్ జవాబు కోసం నెట్‌వర్కులో ఎదురుచూసినా ఇదే పరిస్థితి.

దొంగను పట్టేదెలా?

హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటోందా? అయితే ప్రయోగాలు మాని, ముఖ్యమైన ఫైళ్లను వెంటనే వేరేచోట కాపీ చేసుకోండి.

శబ్దమేమీ లేకపోతే ఫోల్డర్ ఆప్షన్లలో థంబ్‌నెయిళ్లు ఆపేసి చూడండి. అప్పుడు ఫోల్డరు తెరుచుకుంటే దోషం ఏదో ఒక ఫైలుదేనని అనుమానించవచ్చు. అప్పటికీ తెరుచుకోకపోతే డిస్కునూ, నెట్‌వర్కునూ పరీక్షించాలి.

ఫైలుమీదే అనుమానమైతే సగం ఫైళ్లను కొత్త ఫోల్డరులోకి మార్చి, థంబ్‌నెయిళ్లు మళ్లీ పెట్టి రెండూ తెరవండి. ఏది బిగుసుకుంటే దాన్ని మళ్లీ సగం చేయండి. 2ను 10 సార్లు హెచ్చిస్తే 1024 కదా! కనుక వెయ్యి ఫైళ్లున్నా, చెడ్డది ఒక్కటే అయితే 10 విడతల్లో దొరికిపోతుంది. ఆ ఒక్కదాన్నీ పక్కన పెడితే మిగతావన్నీ భద్రం.