మోటారు బండి బాటరీపై రేడియో ఆంప్లిఫయరు

గండికోట వద్ద పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారుచున్నది. ఆ గండి గోడలు సుమారు 300 అడుగుల ఎత్తున నిట్టనిలువుగా లేచియున్నవి. శత్రువులను దూరముగా నిలుపుటకు ఆ గోడలు కోటవారికి ఎంత ఉపకరించినవో, రేడియో తరంగములను ఆపుటకును అవి అంత సమర్థములు. కోటమీద నిలిచిన జీపులోని చిన్న వైర్లెస్ సెట్టు మైదానములోని ఊళ్లతో చక్కగా మాటలాడగలదు. అదే జీపు కొండల చాటునకు దిగినచో మాట తెగిపోవును. అప్పుడు ఎవరికైనను మొదట తోచు ఉపాయము, సెట్టునకు ఒక ఆంప్లిఫయరు తగిలించి శక్తిని పెంచుట. ఆ శక్తి ఎక్కడనుండి వచ్చును? బానెట్టు క్రిందనున్న బాటరీ దానిని ఎంతసేపు ఈయగలదు? ఇచ్చిన పిమ్మట బండి మరల స్టార్టగునా?

ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. 2021 నవంబరు 19వ తేదీ వేకువజామున, అప్పటి కడప జిల్లాలో చెయ్యేరుపైనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ పల్లెలపై వరద విరుచుకొని పడినది. అట్టివేళల రోడ్లు తెగును, కరెంటు స్తంభములు ఒరుగును. కరెంటు పోయిన కొన్ని గంటలకు సెల్ టవర్ల బాటరీలును అడుగంటును. ఇట్టి సమయములందు వార్తలను చేరవేయుట హామ్‌లనబడు ఔత్సాహిక రేడియోవారు చేయు సేవలలో ఒకటి. హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున, భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము 2004 డిసెంబరులో రేడియో ప్రసారముల కొరకు అండమాను దీవులకు పోయియుండెను. 26వ తేదీన భూకంపమును, వెంటనే సునామీయు వచ్చినవి. వినోదముగా వెళ్లిన ఆ బృందమే నాడు దీవులనుండి క్షేమసమాచారములను ప్రధాన భూభాగమునకు అందజేసినది. రాయలసీమ లోపలి పల్లెలో ఇట్టి పని పడినచో జనరేటరు దొరకకపోవచ్చును; జీపు మాత్రము దొరకును.

ఐతే శక్తిని పెంచుటకు ముందు, దానివలన పని జరుగునా యని చూచుకొనవలెను. జీపులలో సామాన్యముగా నుండు వి.హెచ్.ఎఫ్. సెట్ల తరంగములు ఇంచుమించు వెలుతురువలె నేరుగా పోవు స్వభావము కలవి. కొండ అడ్డువచ్చిన చోట శక్తిని నాలుగింతలు చేసినను ఫలము స్వల్పమే. గండికోట వంటి చోట గోడను ఢీకొనుటకంటె దానిని దాటిపోవుట మేలు. 7 మెగాహెర్ట్జు తరంగములను, అనగా సుమారు 40 మీటర్ల పొడవు గలవానిని, దాదాపు నిట్టనిలువుగా ఆకాశమునకు పంపినచో, పగటివేళ 200, 300 కిలోమీటర్ల ఎత్తునగల అయనావరణపు పొర వానిని మరల క్రిందికి వంచును. పైకి చిమ్మిన నీటిధార గొడుగువలె విచ్చుకొని పడునట్లు, అవి చుట్టుప్రక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర నేలకు దిగును. కడప, కర్నూలు మాత్రమే కాక, సరళరేఖలో సుమారు 285 కిలోమీటర్ల దూరమునగల హైదరాబాదును ఆ గొడుగు క్రిందికి వచ్చును. రాత్రివేళ ఈ తరంగము దగ్గర ఊళ్లను వదలి దూరము పోవుట కలదు, అప్పుడు 3.5 మెగాహెర్ట్జునకు దిగవలెను.

ఇచ్చట గూడ ఆంప్లిఫయరుకంటె ముందు ఏరియలు మాట ఆలోచింపవలెను. బండికి బిగించు రెండున్నర మీటర్ల కడ్డీ ఈ తరంగమునకు మరీ పొట్టి. ఇచ్చిన శక్తిలో పెద్దభాగము దాని తీగచుట్టలోను, క్రింది నేలలోను వేడియై పోవును. మిగిలినదియు నేరుగా పైకి పోదు. బండి నిలిచియున్నప్పుడు రెండు వేపచెట్ల నడుమ, కరెంటు లైనులకు దూరముగా, 20 మీటర్ల రాగితీగను నాలుగైదు మీటర్ల ఎత్తున కట్టి, దానిని సరిగా మధ్యకు తెంపి ఆ చోటినుండి సెట్టునకు కలుపవచ్చును. దీనివలన కలుగు లాభము పలుమార్లు ఆంప్లిఫయరు వలన కలుగు లాభముకంటె హెచ్చు. అది బాటరీనుండి ఒక్క ఆంపియరునైనను అదనముగా అడుగదు. ఈ తీగ కట్టకుండ ఆంప్లిఫయరు కొనుట, గట్టు గండి పూడ్చకుండ మోటారు పెద్దది చేయుట వంటిది.

అంతమాత్రమున ఆంప్లిఫయరు వ్యర్థమని కాదు. తుపాను దినములలో మెరుపుల వలన ఈ తరంగములపై ఎడతెగని చిటపటలు వినవచ్చును. 20 వాటుల చిన్న సెట్టు మాట అందు మునిగిపోవును. దానిని 200 వాటులకు పెంచినచో శక్తి పదిరెట్లైనది, అనగా 10 డెసిబెల్ హెచ్చినది. సంకేతబలమును చూపు మీటరుపై ఒక్కొక్క గుర్తు 6 డెసిబెల్ గనుక, ఇంత చేసినను ముల్లు రెండు గుర్తులైనను జరుగదు. చూచుటకు ఇది స్వల్పమే. కాని అర్థము కాని గొణుగుడునకును, తెలియవచ్చు మాటకును నడుమనున్న దూరము ఒక్కొక్కప్పుడు అంతే.

ఆ గుర్తులకు చెల్లింపవలసిన వెల ఆంపియర్లలో నున్నది. ఇట్టి ఆంప్లిఫయరుల సామర్థ్యము సుమారు నూటికి 50. అనగా 200 వాటులు ఏరియలునకు పోవుటకు 400 వాటులు లోపలికి రావలెను. 13.8 వోల్టులచే భాగించినచో 29 ఆంపియర్లు. లెక్కకు 30 అనుకొందము. ఇది ఆరేడు హెడ్‌లైటు బల్బులను ఒక్కసారిగా వెలిగించుటకు సమానము. ఇంకను వెనుకకు పోయి చూచినచో, బండిలోని ఆల్టర్నేటరు తనకు అందిన యాంత్రికశక్తిలో సగముకంటె కొంచెము హెచ్చుగా మాత్రమే విద్యుత్తుగా మార్చును. కనుక ఇంజను ఈ పనికి 700 వాటులకు పైగా, అనగా సుమారు ఒక అశ్వశక్తి, వెచ్చించుచున్నది. ఆంప్లిఫయరు శక్తిని పుట్టించునది కాదు. డీజిలులో దాగిన శక్తిని మాట యొక్క ఒరవడిలో బయటికి వదలునది మాత్రమే.

పూర్వము చిక్కు మరియొక విధముగా నుండెడిది. 1930లో అమెరికాలో గాల్విన్ కంపెనీ ‘మోటరోలా’ యను పేర కారు రేడియోను అమ్మకమునకు తెచ్చినప్పుడు, వాల్వులకు వలసిన హెచ్చు వోల్టేజి కొరకు ప్రత్యేకముగా డ్రై బాటరీలు పెట్టవలసి వచ్చెడిది. తరువాత వైబ్రేటరు వచ్చినది. అది బాటరీ ప్రవాహమును సెకనుకు నూరుసార్లకు మించి తెంపి కలుపుచుండగా, ట్రాన్స్‌ఫార్మరు దాని వోల్టేజిని పెంచెడిది. ట్రాన్సిస్టరులకు 12 వోల్టులే చాలును. వోల్టుల చిక్కు తీరినది, ఆంపియర్ల చిక్కు మిగిలినది.

బండిలో విద్యుత్తునకు రెండు ఆధారములు కలవు. బాటరీలో ఆరు సీసపు ఘటములుండును, ఒక్కొక్కటి 2.1 వోల్టులు గనుక నిండుగా నున్నప్పుడు మొత్తము 12.6 వోల్టులు. ఇంజను తిరుగునప్పుడు బెల్టు సాయమున తిరుగు ఆల్టర్నేటరు 14 వోల్టుల ప్రాంతమున విద్యుత్తునిచ్చి, బండి అవసరములు తీర్చి, మిగులును బాటరీలో నింపును. సీమ రైతునకు ఈ ఏర్పాటు కొత్తది కాదు. బోరునుండి సన్నధార వచ్చుచుండును. దానిని తొట్టిలో నింపి, వలసినప్పుడు ఒక్కసారి మడికి వదలుదురు. ఆల్టర్నేటరు బోరు, బాటరీ తొట్టి.

ఆల్టర్నేటరుపై 70 ఆంపియర్లని వ్రాసియుండవచ్చును. అది ఇంజను వేగముగా తిరుగునప్పటి లెక్క. బండి నిలిచి, ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు అందు సగమో, అంతకు తక్కువో వచ్చును. వేడెక్కిన కొలది ఇంకను తగ్గును. అందునుండి దీపములకు, ఫ్యానుకు, ఇంజనును నడుపు ఎలక్ట్రానిక్ భాగములకు ముందు చెల్లవలెను. ఆంప్లిఫయరునకు 30 ఆంపియర్లు నేరుగా దొరకుట అరుదు. అదృష్టవశమున మాట యొక్క స్వభావము ఇచ్చట తోడ్పడును. సింగిల్ సైడ్‌బాండు పద్ధతిలో మాటలాడునప్పుడు అక్షరము గట్టిగా పలికిన క్షణమున మాత్రమే ప్రవాహము 30 ఆంపియర్లకు లేచును. మాటకు మాటకు నడుమ మిక్కిలి పడిపోవును. సగటు 10, 12 ఆంపియర్లకు మించకపోవచ్చును. ఆ పెద్ద గుక్కలను బాటరీ తీర్చును, సగటును ఆల్టర్నేటరు తీర్చును. కనుక ఆల్టర్నేటరును సగటునుబట్టియు, తీగను గరిష్ఠమునుబట్టియు లెక్కింపవలెను. పలువురు పొరబడునది రెండవదానియందే.

బాటరీ నుండి వెనుక సీటు వరకు తీగ పొడవు 5 మీటర్లనుకొందము. ప్రవాహము పోయి రావలెను గనుక లెక్కకు 10 మీటర్లు. ఇంటి వైరింగులో వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ పది మీటర్లకు నిరోధము సుమారు 0.069 ఓములు. 30 ఆంపియర్లు పోవునప్పుడు ఓము సూత్రమునుబట్టి 2 వోల్టులకు పైగా తీగలోనే నష్టమగును. 62 వాటులు తీగను వేడిచేయుటకే చెల్లును. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో నిరోధము 0.011 ఓములకు, నష్టము వోల్టులో మూడవవంతునకు దిగును. 230 వోల్టుల ఇంటి సరఫరాలో 2 వోల్టులు పోయినను ఎవరికిని తెలియదు. 13.8 వోల్టులలో 2 పోయినచో ఏడవవంతు పోయినట్లే. ఇంజను ఆపియున్నప్పుడు బరువు పడిన బాటరీ వద్దనే 12.2 వోల్టులుండునేమో, సన్నతీగ చివర 10 మాత్రమే మిగులును.

అట్టి స్థితిలో కొన్ని సెట్లు ఆగిపోవును. ఆగిపోయిన సెట్టే మేలు! ఆగక పనిచేయు ఆంప్లిఫయరు, మాట శిఖరములను తగినంత ఎత్తునకు తీసికొనిపోలేక పైభాగమును చదునుగా కోసివేయును. అట్లు కోసిన సంకేతము తన హద్దులో నుండక ప్రక్క పౌనఃపున్యములపైకి చిమ్మును. వరదవేళ ఆ ప్రక్కనే మరియొకరు సాయము కోరుచుండవచ్చును. మాటలాడువారికి తమ సెట్టు బాగుగనే యున్నట్లు తోచును.

తీగను తగిలించు చోటు గూడ ముఖ్యము. సిగరెట్టు లైటరు సాకెట్టు ఈ పనికి తగదు. దాని ఫ్యూజు సామాన్యముగా 10, 15 ఆంపియర్లకు మించదు. ధనతీగ నేరుగా బాటరీనుండి రావలెను, ఫ్యూజు బాటరీకి జానెడు దూరములోనే యుండవలెను. ఫ్యూజు కాపాడునది ఆంప్లిఫయరును కాదు, తీగను. కుదుపులకు తీగ ఒరసికొని ఇంజను గోడలోని ఇనుపరేకునకు తగిలినచో బాటరీ వందల ఆంపియర్లు కుమ్మరింపగలదు. ఫ్యూజు సెట్టు వద్ద నున్నచో అంతవరకు గల తీగ నిప్పుకడ్డీ యగును. ఋణతీగ విషయమున నేటి బండ్లలో ఒక మార్పు వచ్చినది. పెక్కింటిలో బాటరీ ఋణధ్రువము వద్ద ప్రవాహమును కొలుచు పరికరముండును. దాని లెక్కనుబట్టి ఇంజను కంప్యూటరు ఆల్టర్నేటరును హెచ్చించును, తగ్గించును. ఋణతీగను నేరుగా ఆ ధ్రువమునకే బిగించినచో ఆంప్లిఫయరు త్రాగినది లెక్కకు రాదు. బాటరీ ఋణతీగ చాసిస్‌ను చేరుచోటనే దీనినిగూడ బిగింపవలెను.

కడప వేసవి సంగతి వేరుగా చెప్పవలెను. ఏరియలునకు పోగా మిగిలిన 200 వాటులు ఆంప్లిఫయరులోనే వేడిగా మారును. ఎనిమిది చిన్న సోల్డరింగు కడ్డీలు ఒకచోట కాలుచున్నట్లు. 42 డిగ్రీల ఎండలో నిలిచిన బండిలో, సీటు క్రింద, గాలి ఆడనిచోట దానినుంచరాదు. ఇంజను గదిలో 80 డిగ్రీల వేడికి రాగితీగ నిరోధము, 20 డిగ్రీల వద్ద నున్నదానికంటె, సుమారు నూటికి 23 వంతులు హెచ్చును. బాటరీ ఆయువును వేడిచే త్వరగా తరుగును. మూడేండ్ల బాటరీపై వ్రాసిన అంకెను నమ్మి లెక్క వేయరాదు.

ఇంజను ఆపి ఎంతసేపు మాటలాడవచ్చును? 65 ఆంపియర్-గంటల బాటరీలో సగము మిగిల్చి తీరవలెను. స్టార్టరు ఒక్కసారికి నూరు, రెండు నూర్ల ఆంపియర్లు కోరును. పైగా స్టార్టరు బాటరీని అడుగంట వాడినచో దాని పలకలు చెడును. గంటలో 20 నిమిషములు మాట, 40 నిమిషములు వినుట యనుకొన్నచో, సెట్టుతో గూడ గంటకు 6 ఆంపియర్-గంటలు ఖర్చగును. కాగితముపై 5 గంటలు వచ్చును. పాత బాటరీకి 3 గంటలనుకొని, అటుపై ఇంజను నడుపుట క్షేమము. షెడ్డులో మూసిన తలుపుల వెనుక మాత్రము నడుపరాదు. ఎక్కువ కాలము పని యున్నవారు వెనుక మరియొక బాటరీ నుంచి, ఇంజను ఆగగానే రెంటిని విడదీయు రిలే పెట్టుదురు. అప్పుడు రేడియో బాటరీ పూర్తిగా తరిగినను బండి కదలును. ప్రసారము చేయుటకు కేంద్ర టెలికాం శాఖవారి లైసెన్సు ఉండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. ఎంత శక్తి వాడవచ్చునో ఆ షరతులే నిర్ణయించును.

లైసెన్సు లేకయే పాఠశాలలో చేయదగిన ప్రయోగమొకటి కలదు. ఒక 12 వోల్టుల బాటరీ, 55 వాటుల హెడ్‌లైటు బల్బు, 10 ఆంపియర్ల ఫ్యూజు, ఒక మల్టీమీటరు చాలును. ఫ్యూజును బాటరీ వద్ద నుంచి, 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగను రానుపోను పది మీటర్లు తీసికొని బల్బు వెలిగింపవలెను. బాటరీ వద్ద ఒకసారి, బల్బు వద్ద ఒకసారి వోల్టేజి కొలిచినచో సుమారు 1.4 వోల్టుల భేదము కనబడును. తరువాత అట్టివే నాలుగు తీగలను జోడించి కట్టి మరల కొలువవలెను. భేదము వోల్టులో మూడు, నాలుగు పదవవంతులకు పడిపోవును. బల్బు వెలుగులోని మార్పు చివరి బెంచీవారికిని తెలియును.