ఈస్ట్ కొనకుండా గాలిని నమ్మి చేసే బీరు: బ్రస్సెల్స్‌లో రుచి చూసి నేర్చుకున్నవి

పైన వీడియో చూసి "ప్రకృతి వ్యవసాయం చెప్పే చోట బీరు గోల ఏంటి తమ్ముడూ?" అని కొందరు అడుగుతారని నాకు తెలుసు. తాగమని చెప్పడానికి కాదండీ ఇది. కొన్న ఈస్ట్ ఒక్క చెంచా కూడా వేయకుండా, గాలిలో, చెక్కలో ఉన్న సూక్ష్మజీవులతోనే నూరేళ్లకు పైగా సరుకు తయారుచేసి అమ్ముతున్న ఒక కుటుంబం పని ఇది. వాళ్లు చేసే పద్ధతి మనం చూడాల్సింది.

ఆ చోటు పేరు కాంటియాన్. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, ఆండర్‌లెక్ట్ అనే ప్రాంతంలో, పెద్ద రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. 1900లో మొదలైంది. నేను సేంద్రియ ఉత్పత్తుల ప్రదర్శన కోసం ఫిబ్రవరిలో జర్మనీ వెళ్లి, అటునుంచి బ్రస్సెల్స్‌లో ఉండే మా బావమరిది దగ్గరికి వెళ్లాను. ఫిబ్రవరి అంటే వాళ్లకి పని నడిచే సీజన్. అది కలిసొచ్చింది.

వాళ్ల బీరు పేరు లాంబిక్. మామూలు బీరులో ల్యాబ్‌లో పెంచిన ఒకే రకం ఈస్ట్ వేస్తారు, కొన్ని వారాల్లో సీసా బయటకు వస్తుంది. లాంబిక్‌కి ఒకటి నుంచి మూడేళ్లు పడుతుంది.

రాత్రంతా తెరిచి ఉంచే రాగి తొట్టి

ఒక్కసారి వంటకి సుమారు 1300 కిలోల ధాన్యం తీసుకుంటారు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, మిగతాది మొలకెత్తించని మామూలు గోధుమ. నానబెట్టి, తీపి ద్రవం వడకట్టి, మూడు నాలుగు గంటలు మరిగిస్తారు.

తర్వాత ఆ వేడి ద్రవాన్ని అటక మీదికి, కప్పు కిందే ఉన్న వెడల్పాటి రాగి తొట్టిలోకి పంపుతారు. మన బెల్లం పెనం గుర్తొచ్చింది నాకు, కాకపోతే చాలా పెద్దది. కిటికీలు తెరిచి రాత్రంతా వదిలేస్తారు. చలిగాలి తగిలి, తెల్లారేసరికి ద్రవం 18-20 డిగ్రీలకు దిగుతుంది. ఆ లోపు గాలిలోని ఈస్ట్, బ్యాక్టీరియా అందులో చేరతాయి. పొద్దున్నే చెక్క పీపాల్లోకి దించుతారు. ఆ పీపాలు కడిగినా చెక్క రంధ్రాల్లో పాత జీవం మిగిలే ఉంటుంది. అంటే కొంత గాలి నుంచి, కొంత చెక్క నుంచి. మన జీవామృతంలో గట్టు మట్టి గుప్పెడు వేస్తాం కదా, అక్కడ ఆ పని గాలీ పీపా కలిసి చేస్తాయి.

పీపాల గదిలో సాలెగూళ్లు చూసి మా బావమరిది మొహం చిట్లించాడు. వాటిని కావాలనే దులపరు. పండ్ల వాసనకి వచ్చే చిన్న ఈగల్ని సాలీళ్లు పట్టేస్తాయి. మందు కొట్టే పని లేదు. మిత్ర పురుగుల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒకరి తర్వాత ఒకరు

డిప్లొమాలో మైక్రోబయాలజీ చదివినప్పుడు 'కంటామినేషన్' అంటే తిట్టు లాంటి మాట. ఇక్కడ పద్ధతే వేరు. పీపాలో నాలుగు దశలు నడుస్తాయి.

మొదటి నెల దాకా పేగుల్లో ఉండే జాతి బ్యాక్టీరియా హడావిడి చేస్తుంది. ఆ దశలో దాన్ని తాగరు. తర్వాత మామూలు బీరు ఈస్ట్ లేచి చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. పీపా మూతి నుంచి నురగ పొంగుతుంది. కొన్ని నెలలకి పెడియోకోకస్ అనే బ్యాక్టీరియా పులుపు పెంచుతుంది, మన పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లమే అది. చివర్లో బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ వస్తుంది. 1904లో కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో క్లౌసెన్ అనే శాస్త్రవేత్త దీనికి ఆ పేరు పెట్టాడు. వైన్ చేసేవాళ్లు చాలామంది దీన్ని శత్రువుగా చూస్తారు. లాంబిక్‌లో మాత్రం మిగతావి తినలేని గట్టి పిండి పదార్థాన్ని నెలల తరబడి తింటూ, అసలు వాసన ఇచ్చేది ఇదే.

ఆ మొలకెత్తించని గోధుమ ఎందుకంటే, ఇలా ఆలస్యంగా వచ్చే జీవులకి మేత మిగలాలని. బెల్లం వేస్తే రెండు రోజుల్లో అయిపోతుంది, గడ్డి ఆచ్ఛాదన వేస్తే నెలల తరబడి నేలకి తిండి. అదే లెక్క.

హాప్స్ పువ్వుల సంగతి ఇంకో వింత. అందరూ తాజావి కావాలంటారు, వీళ్లు రెండు మూడేళ్లు ఎండబెట్టి పాతవి చేసి వాడతారు. చేదు పోతుంది, చెడ్డ బ్యాక్టీరియాని అదుపులో పెట్టే గుణం మిగులుతుంది. 'ప్రకృతికి వదిలేశాం' అంటే చేతులు కట్టుకుని కూర్చున్నట్టు కాదు. ఏ జీవికి ఎప్పుడు దారి ఇవ్వాలో ఏర్పాటు చేయడమే ఇక్కడ పని.

గ్లాసులో ఏముంది

మొదట ఇచ్చింది పీపా లాంబిక్. గ్యాస్ లేదు, నురగ లేదు. బీరు అనుకుని నోట్లో పోసుకుంటే ఆశ్చర్యపోతారు. పచ్చి మామిడి ముక్క కొరికినంత పులుపు, వెనక కొంచెం తడి చెక్క వాసన.

రెండోది గ్యూజ్. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాలో పోసి బిరడా బిగిస్తారు. ఏడాది సరుకులో మిగిలిన చక్కెర సీసాలో మళ్లీ పులిసి గ్యాస్ పుడుతుంది. ముక్కు దగ్గర పెడితే ఎండుగడ్డి, పశువుల కొట్టం వాసన వచ్చింది. పట్నంవాళ్లు మొహం తిప్పుకుంటారేమో గానీ నాకు మా ఇంటి దొడ్డి గుర్తొచ్చింది. నాలుక మీద దబ్బకాయ తొక్క, నిమ్మ పులుపు, చివర్లో తీపి అన్నదే లేకుండా పొడిగా ముగుస్తుంది. చేదు దాదాపు లేదు.

మూడోది క్రీక్. పుల్లటి చెర్రీలు గింజలతో సహా, లీటరుకి సుమారు 200 గ్రాములు, పీపాలో వేసి నెలలు ఉంచుతారు. రంగు మన బీట్‌రూట్ రసంలా ఉంటుంది. పండు తీపి మొత్తం ఈస్ట్ తినేస్తుంది కాబట్టి పులుపు, పండు వాసన, గింజ నుంచి వచ్చిన బాదం లాంటి రుచి మిగులుతాయి. ఒకప్పుడు బ్రస్సెల్స్ పక్కనే స్కార్‌బేక్ తోటల చెర్రీలు వాడేవాళ్లు. ఊరు పెరిగి తోటలు పోయాయి, ఆ రకం ఇప్పుడు అరుదు. మన ఊళ్లలో నాటు మామిడి రకాల సంగతీ అంతే కదా.

కల్లుకీ దీనికీ తేడా ఎక్కడ

తాటి కల్లు, ఈత కల్లు కూడా ఈస్ట్ వేయకుండా పులిసేవే. ముంతలోకి దిగుతుండగానే పులియడం మొదలు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి నోట్లో పెట్టలేని పులుపు. నీరా కావాలంటే ముంతకి సున్నం రాస్తారు, పులియకుండా ఆపడానికి. మన ఎండకి సూక్ష్మజీవులు గంటల్లో చేసేది, బ్రస్సెల్స్ చలిలో మూడేళ్లు సాగుతుంది. కాబట్టి వాళ్ల పద్ధతి ఇక్కడ దింపితే పనిచేయదు. ఇంకో మాట: లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం మన దగ్గర నేరం. వీడియో చూసి ఎవరూ డ్రమ్ము పెట్టకండి.

చలి తగ్గితే బతుకు కష్టం

తొట్టి చల్లబడే రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 3 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలంటారు. వేడి రాత్రి అయితే చెడ్డ బ్యాక్టీరియా ఎక్కువ పడుతుంది. ఇప్పుడు ఈ పని చూస్తున్న జాన్ వాన్ రోయ్ చెప్పేదేంటంటే, తాతగారి కాలంలో అక్టోబరు మధ్య నుంచి మే దాకా సీజన్ ఉండేది, ఇప్పుడు నవంబరు మొదలు నుంచి మార్చి చివరి దాకే. 2015 నవంబరులో వేడి వల్ల పని ఆపాల్సి వచ్చింది.

యంత్రంతో చల్లబరిస్తే అయిపోతుంది కదా అనొచ్చు. అప్పుడు రాత్రి గాలి తగలదు, అది లాంబిక్ కాదు. సహజ పద్ధతిలో ఉన్నవాడికి వాతావరణం మారితే ముందుగా తగిలే దెబ్బ ఇదే. విత్తనం తేదీలు తారుమారవుతున్న మనకి ఈ బాధ కొత్త కాదు.

మనం తీసుకోవాల్సినవి

ఒకటి, నాలుకతో తనిఖీ. ప్రతి పీపా వేరే. రుచి చూసి, ఏది దేనితో కలపాలో నిర్ణయిస్తారు. వెనిగర్‌లా మారినది అమ్మరు. 'నేచురల్ కాబట్టి ఇలాగే ఉంటుంది సార్' అని కస్టమర్‌కి చెప్పి నాసి సరుకు అంటగట్టడం మనలో కొందరికి అలవాటు. దాంతో పేరు పోయేది మనందరిదీ.

రెండు, కలపడం. కాంటియాన్ కుటుంబం మొదట బీరు వండలేదు, వేరేవాళ్ల దగ్గర లాంబిక్ కొని కలిపి అమ్మింది. సొంత వంట 1930ల చివర్లో మొదలైంది. పది మంది రైతుల బెల్లం, తేనె, నూనె రుచి చూసి కలిపి ఒక స్థిరమైన సరుకు చేయడం కూడా ఒక నైపుణ్యమే. మన ఎఫ్‌పీఓల్లో ఆ పని తెలిసినవాళ్లు తక్కువ.

మూడు, తలుపులు తెరవడం. జనం తీపి బీర్లకి మళ్లి, లాంబిక్ చేసేవాళ్లు ఒక్కొక్కరే మూతపడుతున్న రోజుల్లో, జాన్ వాళ్ల నాన్న జాన్-పియేర్ వాన్ రోయ్ తీపి కలపలేదు. 1978లో ఆ పాత మిషన్లు నడుస్తుండగానే ఆవరణను మ్యూజియం చేశాడు. జనం టికెట్ కొని వచ్చి, చూసి, రుచి చూసి, సీసా పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. పులుపు ఎందుకుందో కళ్లతో చూసినవాడు ధర గురించి తక్కువ బేరమాడతాడు.

ఈ మూడోది మన పొలాల్లో ఖర్చు లేకుండా రేపే మొదలుపెట్టొచ్చు. నెలకొక ఆదివారం కొనేవాళ్లని పొలానికి పిలవండి. జీవామృతం డ్రమ్ము మూత తీసి చూపించండి, ఆచ్ఛాదన కింద వానపాములు చూపించండి, పండు కోసి చేతికివ్వండి. ఇప్పటికే అలా పిలుస్తున్నవాళ్లు ఉంటే ఎంతమంది వచ్చారో, ఏం కొన్నారో వీడియో కింద రాయండి. మీ అనుభవాలతోనే తర్వాతి వీడియో చేద్దాం.