పళ్ల సెట్టుకు నోరు అలవాటు పడేదాకా

కొన్ని పళ్లు ఊడిపోయి మిగిలినవి గట్టిగా ఉన్నవారికి డాక్టర్లు అమర్చేది పాక్షిక పళ్ల సెట్టు. గులాబీ రంగు అక్రిలిక్ పలక మీదో, కోబాల్ట్-క్రోమియం చట్రం మీదో కృత్రిమ దంతాలు కూర్చి, సన్నటి కొక్కేలతో సొంత పళ్లను పట్టుకునేలా చేస్తారు.

మొదటి రోజు నోట్లో ఏదో ముద్ద ఇరుక్కున్నట్టే ఉంటుంది. నోరు దాన్ని తిండి అనుకుని లాలాజలం ఊరిస్తుంది. అది కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది కానీ, మాట కుదుటపడడానికి ఇంకొన్నాళ్లు పడుతుంది. త, ద, న, స పలకాలంటే నాలుక కొన పైపళ్ల వెనక్కి చేరాలి. వ్యాకరణం వాటిని దంత్యాలన్నది అందుకే. పై సెట్టయితే ఇప్పుడు ఆ చోట పలక ఉంటుంది. ‘సందు’ అనబోతే ‘శందు’ అన్నట్టు వినిపించవచ్చు. సిగ్గుపడి మాట తగ్గించుకుంటే ఇబ్బంది అలాగే ఉండిపోతుంది. రోజూ కాసేపు పేపరు పైకి చదివితే నాలుక సర్దుకుంటుంది.

తొలి వారం పప్పన్నం, ఇడ్లీ, ఉప్మా చాలు. చిన్న ముద్దలు రెండు వైపులా నమలాలి. ఒకవైపే నమిలితే సెట్టు రెండోవైపు లేస్తుంది. అంగిలిని పలక కప్పేస్తే కాఫీ వేడి నోటికి సరిగ్గా తెలియదు, గుక్క దిగేటప్పుడు గొంతు చుర్రుమంటుంది. జంతికలు, చెరకు తర్వాత చూసుకోవచ్చు.

సెట్టును వేళ్లతోనే నొక్కి పెట్టుకోవాలి. పళ్లతో కొరికి దించితే కొక్కెం వంగుతుంది. చిగురు ఒరుసుకుని పుండు పడితే చాలామంది సెట్టు తీసి అలమారాలో పెట్టేస్తారు. అక్కడే అసలు నష్టం. కొన్ని వారాలకు చుట్టూ ఉన్న పళ్లు జరిగి, సెట్టు మళ్లీ కూర్చోదు. ఇంట్లో అరగదీయడం ఇంకా ప్రమాదం. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు కొన్ని గంటలైనా పెట్టుకుంటే ఒరుసుకునే చోటు ఎర్రగా కనిపిస్తుంది, అంతమేరకే సరిచేస్తారు.

రాత్రి తీసేస్తే చిగుళ్లకు విశ్రాంతి. లేకుంటే పలక కింద ఫంగస్ చేరుతుంది. కడిగేటప్పుడు బేసిన్‌లో నీళ్లు నింపుకుంటే జారిపడినా విరగదు. మెత్తటి బ్రష్, మామూలు సబ్బు చాలు. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, మరుగునీళ్లకు అక్రిలిక్ వంకరపోతుంది. కడిగాక చల్లటి నీళ్లలో ఉంచాలి.

కొక్కెం పట్టిన పళ్ల చుట్టూ పాచి త్వరగా చేరుతుంది. అవి పుచ్చితే సెట్టుకు ఆధారమే పోతుంది కాబట్టి వాటిని రోజూ శ్రద్ధగా తోమాలి. పళ్లు లేనిచోట దవడ ఎముక ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కరిగి సెట్టు వదులవుతుంది. అప్పుడు చాలాసార్లు కొత్తది చేయించకుండానే, లోపలివైపు ఇంకో పొర వేయించి వాడుకోవచ్చు.