ఒక్కరే ఉన్న ఊరు

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు ఉత్తరపు అంచున, పచ్చిక మైదానాల నడుమ మొనోవై అనే ఊరుంది. 2010 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనాభా ఒకటి! ఆ ఒక్కరూ డెబ్బై దాటిన ఒక పెద్దావిడ.

బ్యాంకులో అంకెలతో కాలం గడిపినవాణ్ణి కనుక ఈ ఊరి చరిత్ర నాకు ఒక ఖాతాలాగే కనిపిస్తుంది. ముందు జమలు చూద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైలు మార్గం అటు పొడిగించడంతో ఊరు పుట్టింది. 1902లో పోస్టాఫీసు వచ్చింది. 1930లలో జనం 150 మంది దాకా ఉండేవారు. కిరాణా కొట్లు, భోజనశాలలు, బడి, చర్చి అన్నీ ఉండేవి.

ఇక ఖర్చుల పద్దు. యంత్రాలు వచ్చాక సేద్యానికి మనుషుల అవసరం తగ్గింది. కుర్రకారు పట్నాలకు వెళ్ళిపోయారు. 1967లో పోస్టాఫీసు, 1974లో బడి మూతపడ్డాయి. 1980లో 18 మంది, 1990లో ఆరుగురు, 2000లో ఇద్దరు. ఆ ఇద్దరూ భార్యాభర్తలు. 2004లో భర్త పోయాక ఆవిడ ఒక్కరే మిగిలారు.

అయినా ఊరు రద్దు కాలేదు. మేయరూ, గుమాస్తా, కోశాధికారీ ఆవిడే. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మద్యం దుకాణం యజమానీ ఆవిడే. దాని లైసెన్సు కాగితం మీద దరఖాస్తుదారూ, మంజూరు చేసే అధికారీ ఒక్కరే! వీధి దీపాల కోసం ప్రభుత్వ నిధులు రావాలంటే ఏటా రోడ్ల ప్రణాళిక పంపాలి. ఆ పని కూడా ఆవిడే చేసేవారు.

భర్తకు చదువంటే ప్రాణం. ఆయన సేకరించిన సుమారు 5,000 పుస్తకాలతో 2005లో ఒక చిన్న షెడ్డులో గ్రంథాలయం తెరిచారు.

2020 లెక్కల్లో జనాభా రెండని వచ్చింది. కొత్తవారెవరూ రాలేదు. వ్యక్తుల వివరాలు బయటపడకుండా, చిన్న ఊళ్ళ అంకెలను జనగణన శాఖే కొంచెం అటూ ఇటూ మారుస్తుంది. మా బ్యాంకులో ఇలా చేస్తే ఆడిటరు ఊరుకుంటాడా!

ఊరు నిలవడానికి జనం కావాలి, నిజమే. కాగితాలు నింపి, తలుపులు తీసి, దీపం వెలిగించే మనిషి ఒక్కరైనా కావాలన్నది అంతకంటె నిజం. బయటి రాష్ట్రాల్లో ఉన్న మన తెలుగు సంఘాల్లో గ్రంథాలయం తాళంచెవి నేడు ఎవరి దగ్గరుంది, రేపు ఎవరి చేతికి వెళ్తుంది? ఈ సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి వెళ్ళి చూసి రండి.